బోస్టన్ యూనియన్ ఆయిస్టర్ హౌస్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా? (నాన్నవి రొయ్యల చెరువులు)

ఆకివీడు_అమ్మాయి

అందరికీ నమస్తే. మే నెలలో నా కాన్వొకేషన్. అమ్మా నాన్నా ఆకివీడు నుంచి వస్తున్నారు, తమ్ముడు డాలస్ నుంచి వస్తాడు. డిగ్రీ పట్టా చేతికొచ్చాక నలుగురం కలిసి ఒక మంచి చోట కూర్చుని భోంచేయాలని నా కోరిక. రెండేళ్ళు పప్పూ గుడ్డుతో నెట్టుకొచ్చి దాచిన డబ్బులున్నాయి కాబట్టి బిల్లు నాదే.

చోటు దగ్గరే వచ్చింది చిక్కు. మా నాన్నకి ఊహ తెలిసినప్పటి నుంచి చెరువులే లోకం. ముందు టైగర్ రకం రొయ్య వేశారు, తర్వాత వనామీ రకం. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఇగురులోంచి ఒక రొయ్య తీసి పళ్ళెం అంచున పెట్టి, ఇది ఎన్ని కౌంటో (కిలోకి ఎన్ని తూగుతాయో) చెప్పి అప్పుడు తింటారు. చేప నోట్లో పెట్టుకోగానే ఐసులో ఎన్నాళ్ళు ఉందో కూడా చెప్పేస్తారు (తప్పు చెప్పినా మేం ఎదురు చెప్పం). 2025లో మన సరుకుల మీద ఇక్కడి టారిఫ్ (దిగుమతి సుంకం) 50 శాతానికి వెళ్ళిన దగ్గర్నుంచి అమెరికా పేరెత్తితే ఆయనకి ఒళ్ళు మంట. మొన్న ఫోన్లో "మన రొయ్య బరువైపోయిన ఊళ్ళో మనమేం తింటాంలే, గదిలోనే వండుకుందాం" అన్నారు. ఆ పంతం కాస్త సడలించాలని ఉంది.

మా రూమ్మేట్ యూనియన్ ఆయిస్టర్ హౌస్ పేరు చెప్పింది. 1826లో మొదలైందట, అమెరికాలో ఆగకుండా నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాత రెస్టారెంట్ అట. ఫేన్యూయిల్ హాల్ పక్కనే కాబట్టి ఆ బోర్డు కింద నుంచి వందసార్లు నడిచాను, లోపలికి మాత్రం వెళ్ళలేదు. స్టూడెంట్‌కి అక్కడేం పని!

నా అనుమానాలు ఇవి. అక్కడ సీఫుడ్‌తో పాటు స్టేక్ (కాల్చిన బీఫ్ ముక్క) కూడా ఉంది. మేం బీఫ్ తినం, అమ్మ పంది మాంసం పేరు కూడా ఎత్తనివ్వదు. ఒకే పెనం మీద రెండూ కాలుస్తారా? అమ్మకి శనివారం నీచు పనికిరాదు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఆ పాత బిల్డింగులో మెట్లు ఎలా ఉంటాయో. పచ్చి ఆల్చిప్పలు (ఆయిస్టర్లు) తినాలని ఆయనకి ఒకవైపు కుతూహలం, ఇంకోవైపు "ప్రాణంతో ఉన్నదాన్ని ఎలా మింగుతార్రా" అని వెటకారం. ఇవన్నీ చాలవన్నట్టు తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, నేను అక్కడ స్టేక్ తింటా, నాన్నని నువ్వు చూసుకో."

వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరికే పేరు గొప్పదా, లేక నిజంగా బాగుంటుందా?

---

చార్లెస్_గట్టు

పాతది అయినంత మాత్రాన రుచిగా ఉండాలని లేదు. పాత చారిత్రక స్థలాల్ని కలిపే ఫ్రీడమ్ ట్రైల్ ఎర్ర ఇటుకల గీత పట్టుకుని నడిచొచ్చిన ప్రతి టూరిస్టూ అక్కడ ఆగుతాడు. మే నెలలో, అదీ కాన్వొకేషన్ల వారంలో, ఊళ్ళో ప్రతి టేబుల్ దగ్గరా ఒక నల్ల గౌనూ ఒక పూలగుత్తీ ఉంటాయి. రుచి ఒక్కటే ముఖ్యం అనుకుంటే నార్త్ ఎండ్‌లో సేలమ్ స్ట్రీట్ మీద నెప్ట్యూన్ ఆయిస్టర్ ఉంది, వేడి వెన్నతో లాబ్‌స్టర్ రోల్ (బన్నులో పెట్టిన లాబ్‌స్టర్ మాంసం) అక్కడే తినాలి. కాకపోతే చిన్న కొట్టు, రిజర్వేషన్ ఉండదు, బయట నిలబడాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషితో కష్టం. అలాంటప్పుడు లీగల్ సీ ఫుడ్స్‌లో ఏదో ఒక బ్రాంచి. కుర్చీలు మెత్తగా ఉంటాయి, మెట్లు ఎక్కక్కర్లేదు.

స్టేక్ సంగతి: మీ తమ్ముడికి డాలస్‌లో దొరకని స్టేక్ బోస్టన్‌లో ఏం దొరుకుతుంది? ఊరు వెతుక్కుంటూ వచ్చి మరీ తినేది ఇక్కడి చేప. కుర్రాడికి ఆ మాట చెప్పండి.

---

ఉప్పాడ_బాబాయ్

అమ్మాయ్, ముందు నీకు అభినందనలు.

చార్లెస్ గారు చెప్పింది కొంతవరకు నిజమే. ఆ పైన డైనింగ్ రూముల్లో కూర్చుని పెద్ద మెనూ తెరిచి అన్నీ తెప్పించుకుంటే నీకూ అదే మాట అనాలనిపిస్తుంది. కానీ మీ నాన్నగారి గురించి రాశావు చూడు, అది చదివాక నాకు ఇంకో ఆలోచనే లేదు. ఆయన్ని తీసుకెళ్ళాల్సింది అక్కడికే. అయితే టేబుల్‌కి కాదు. కింద, తలుపు తీయగానే ఉండే అర్ధచంద్రాకారపు బార్ దగ్గరికి.

ఆ బార్ వెనక ఆల్చిప్పలు విప్పే మనిషి నిలబడి ఉంటాడు. ఎడం చేతిలో చిప్ప, కుడి చేతిలో పొట్టి కత్తి. చిప్ప కీలు దగ్గర మొన గుచ్చి ఒక్క తిప్పు తిప్పుతాడు, పై డిప్ప ఊడొస్తుంది. తర్వాత కత్తి లోపల పోనిచ్చి, డిప్పని పట్టుకున్న కండరం కోస్తాడు. లోపలి ఉప్పునీళ్ళు ఒలక్కుండా ఐసు మీద పెడతాడు. డిప్ప ముక్క ఒక్కటి కూడా మాంసంలో పడకూడదు. మీ నాన్నగారిలాంటి మనిషికి ఇది చూడ్డమే సగం భోజనం. నేను ఉప్పాడలో పుట్టినవాణ్ణి, చేపల వాసన ఒంటికి పట్టినవాణ్ణి, నాకే ఎప్పటికప్పుడు కొత్తగా ఉంటుంది. మన దగ్గర గుల్లలు ఏరి కాల్చి సున్నం చేసుకున్నారు గానీ, విప్పి పచ్చిగా తినే అలవాటు లేదు కదా.

ఆ మనిషిని మాట్లాడించు. రద్దీ లేకపోతే బాగా మాట్లాడతాడు. ఈ ఆల్చిప్పలు చాలావరకు సముద్రంలో దొరికినవి కావు, పెంచినవి. డక్స్‌బరీ, వెల్‌ఫ్లీట్, ఇవన్నీ బోస్టన్‌కి దక్షిణాన, కేప్ కాడ్ వైపు ఉన్న ఊళ్ళు. హేచరీ నుంచి పిల్ల తెచ్చి, వలసంచుల్లో, ట్రేల్లో వేసి, ఆటుపోటు ఉన్న నీళ్ళలో రెండు మూడేళ్ళు పెంచుతారు. మేత వేసేది లేదు, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ తిప్పేది లేదు. నీళ్ళలో ఉన్న నాచుని అవే వడకట్టుకు తింటాయి. మూణ్ణెల్లకీ నాలుగు నెలలకీ పంట తీసే వనామీ రైతుకి ఇది చెప్పి చూడు. "మేత ఖర్చు లేదా?" అని ఆయన కుర్చీలోంచి లేస్తారు. ఇంకోటి, ప్రతి సంచికీ ఒక ట్యాగు ఉంటుంది. ఏ నీళ్ళలో, ఏ రోజు, ఎవరు తీశారో దాని మీద రాసి ఉంటుంది. సంచి ఖాళీ అయ్యాక కూడా రెస్టారెంటు ఆ ట్యాగుని 90 రోజులు దాచాలి. ఎవరికైనా జబ్బు చేస్తే వెనక్కి తవ్వుకుంటూ పోవడానికి. యాంటీబయాటిక్ టెస్టులనీ, ట్రేసబిలిటీ (సరుకు ఎక్కడిదో ఆనవాలు) అనీ మనవాళ్ళని పీల్చి పిప్పి చేసే దేశం తన సొంత రైతుని కూడా ఎలా పట్టుకుందో ఆయన కళ్ళతో చూస్తే, టారిఫ్ కోపం కొంచెమైనా పక్కకి మళ్ళుతుందేమో. పూర్తిగా తగ్గుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను.

ఇక చరిత్ర. మీ నాన్నగారికి ఇది అవసరం లేకపోవచ్చు, అమ్మగారు అడుగుతారు. ఆ ఇటుక ఇల్లు రెస్టారెంటు కంటే వందేళ్ళకి పైగా పాతది. ముందు అందులో బట్టల కొట్టు ఉండేది. 1771లో పై అంతస్తులో ఐజయా థామస్ అనే ఆయన "మసాచుసెట్స్ స్పై" పేరుతో పత్రిక అచ్చేశాడు. బ్రిటిష్ వాళ్ళ మీద రాసిన రాతలకి ఆ పత్రిక పేరుమోసింది. 1790ల చివర్లో ఫ్రాన్స్ నుంచి పారిపోయొచ్చిన లూయీ ఫిలిప్ అక్కడే పైన ఉంటూ, పొట్టకూటికి ఊళ్ళో ఆడవాళ్ళకి ఫ్రెంచి పాఠాలు చెప్పుకున్నాడు. తర్వాత 1830లో ఆయనే ఫ్రాన్సుకి రాజయ్యాడు. 1826లో ఆల్చిప్పల కొట్టు తెరిచారు. అంటే 2026 ఆగస్టుకి 200 ఏళ్ళు. అప్పటికి మన దగ్గర మద్రాసు గవర్నరుగా మన్రో దొర ఇంకా బతికే ఉన్నాడు.

డేనియల్ వెబ్‌స్టర్ అనే పెద్ద లాయరు, సెనేటరు, ఆ బార్ దగ్గర రోజూ కూర్చునేవాడట. అరడజను ఆల్చిప్పల ప్లేటుకి ఒక గ్లాసు బ్రాందీ నీళ్ళ లెక్కన, ఆరు ప్లేట్లకి తక్కువ తినేవాడు కాదని హోటలు వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇంకో కథ కూడా వాళ్ళదే. అమెరికాలో పంటిపుల్ల వాడకం ఇక్కడే మొదలైందట. చార్లెస్ ఫార్‌స్టర్ అనే మెయిన్ రాష్ట్రపు వ్యాపారి పుల్లలు తెప్పించాడు, ఎవరూ కొనలేదు. హార్వర్డ్ కుర్రాళ్ళకి భోజనం పెట్టించి, తిన్నాక పుల్లలు కావాలని గొడవ చేయమన్నాడు. అలా అలవాటు చేశాడు. ఈ కథ మీ నాన్నగారికి తప్పక చెప్పు. సరుకు అమ్ముడుపోని బాధ తెలిసిన మనిషి.

మద్రాసు అన్నాను కదా, ఇంకొక్క మాట చెప్పి తిండిలోకి వస్తాను. ఈ ఊరి చుట్టుపక్కల చెరువుల మీద చలికాలంలో గడ్డకట్టిన ఐసుని కోసి, రంపప్పొట్టులో చుట్టి, ఓడల్లో ఇండియాకి అమ్మిన ఘనుడు ఫ్రెడరిక్ ట్యూడర్. 1833లో కలకత్తాకి మొదటి సరుకు వెళ్ళింది. మద్రాసులో మెరీనా బీచి ఎదుట గుండ్రంగా ఉండే ఐస్ హౌస్, ఇప్పటి వివేకానంద ఇల్లు, ఆ ఐసు దాచడానికే 1840లలో కట్టారు. చెరువులో ఏమీ పెంచకుండా ఉత్త నీళ్ళు అమ్మి డబ్బు చేసుకున్న మనిషి. ఆక్వా రైతుకి ఇంతకంటే కడుపుమంట పుట్టించే కథ ఇంకోటి లేదు.

తిండి. క్లామ్ చౌడర్ అనే సూప్ ఒక కప్పు తెప్పించి నలుగురూ రుచి చూడండి, బౌల్ వద్దు. పాలు పోసిన గంజిలో ఉప్పుచేప ముక్కలు వేసినట్టు ఉంటుంది. అమ్మగారికి నచ్చదని నా అంచనా, నచ్చితే సంతోషం. అందులో పంది మాంసం ఉందేమో ఆర్డరుకి ముందే అడుగు. ఈ ప్రాంతపు చౌడర్‌లో ఉప్పు పట్టించిన పంది కొవ్వో, బేకనో వేయడం పాత పద్ధతి. బోస్టన్ బీన్స్ కూడా అంతే, అడగకుండా తినొద్దు. ఒక లాబ్‌స్టర్ ఉడకబెట్టింది తెప్పించు. లోపల ఏదైనా కూరింది, చీజ్ వేసింది వద్దు. ఉడికింది, కరిగిన వెన్న, నిమ్మచెక్క, అంతే. మెడకి ప్లాస్టిక్ ఏప్రాన్ కడతారు, మీ నాన్నగారు ఒప్పుకోరు, ఫోటో కోసం కట్టించు. లాబ్‌స్టర్ మెత్తగా తియ్యగా ఉంటుంది. పీత తిన్న నోటికి లోపలి ఆకుపచ్చ ముద్ద మీద చెయ్యి వెళ్తుంది. అది దాని కాలేయం, విషపదార్థాలు అక్కడే పేరుకుంటాయి, అది తినొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. గోళ్ళ మాంసం మాత్రం వదలొద్దు. కారం లేదని అమ్మగారు గొణిగితే టబాస్కో (మిరపకాయ సాస్) అడుగు. హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బా కారప్పొడి ఉంటే నేను చూడనట్టే.

ఒక్కటి అడగాలి. అమ్మగారికి పట్టింపు శనివారం ఒక్కటేనా? అయితే శుక్రవారం పెట్టుకో. శుక్ర, శనివారాల్లో పక్క సందులోనే హేమార్కెట్ సంత. అది నీకు చెప్పక్కర్లేదు, బోస్టన్‌లో చదివిన ప్రతి తెలుగు పిల్లా అక్కడ డాలరుకి కొత్తిమీర కొన్నదే. అక్కడ చేపల బల్లలు కూడా ఉంటాయి. ముందు సంత, తర్వాత బార్. రెండున్నర, మూడు మధ్యలో వెళ్తే బార్ దగ్గర స్టూళ్ళు దొరుకుతాయి. మెట్లు ఎక్కే పనే లేదు.

---

వంటింటి_వెనక

నేను చదువుకునే రోజుల్లో ఇక్కడే వేరే ఒక సీఫుడ్ వంటింట్లో పొయ్యిల దగ్గర పనిచేశాను. పెనం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను.

స్టేకూ చేపా ఒకే గ్రిల్ మీద కాల్చే వంటిళ్ళు చాలా ఉంటాయి. మధ్యలో బ్రష్షుతో గీకుతారు, అంతే. కాబట్టి "గ్రిల్డ్" అన్న మాట ఉన్నది వదిలేయండి. ఉడకబెట్టిన లాబ్‌స్టర్ నీళ్ళ గిన్నెలోంచి వస్తుంది, దానికి బాధ లేదు. స్క్రాడ్ అని మెనూలో కనిపిస్తుంది, అది కాడ్ గానీ హాడక్ గానీ, తెల్ల చేప. దాన్ని చాలాచోట్ల విడిగా చిన్న ట్రేలో పెట్టి, పైన బ్రెడ్ పొడి చల్లి, పై మంట కింద పెడతారు. అమ్మగారికి అది సరిపోతుంది, ముళ్ళు కూడా ఉండవు. వేపుళ్ళ దగ్గర నూనెలో ఇంకా ఏమేం వేస్తున్నారో అడగండి. సర్వర్‌కి ఆర్డరుకి ముందే "నో బీఫ్, నో పోర్క్, రిలీజియస్" అని చెప్తే అలర్జీ చెప్పినంత శ్రద్ధగా వంటింటికి వెళ్ళి కనుక్కుంటారు. సిగ్గుపడొద్దు, రోజూ ఎవరో ఒకరు అడిగేదే.

రొయ్యల సంగతి చెప్తే మీ నాన్నగారు నవ్వుతారు. మా వంటింటికి వచ్చే ఫ్రోజెన్ రొయ్యల అట్టపెట్టె మీద "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా" అని ఉండేది. నేను నైట్ షిఫ్టులో ఆ పెట్టె విప్పుతూ మా జిల్లా రొయ్య నాకంటే ముందే వీసా తెచ్చుకుందని అనుకునేవాణ్ణి. సూపర్ మార్కెట్టయితే ఏ దేశపుదో బోర్డు పెట్టాలి, రెస్టారెంటుకి ఆ రూలు లేదు. కౌంటు మాత్రం ఇక్కడ పౌండుకి లెక్క. 16/20 అంటే పౌండుకి పదహారు నుంచి ఇరవై, తల తీశాక. ఆయన కిలోకి, తలతో లెక్కేస్తారు కదా, ష్రింప్ కాక్‌టెయిల్ (సాస్‌తో ఇచ్చే చల్లటి ఉడికిన రొయ్యలు) ముందు పెట్టి లెక్క కట్టమనండి, పావుగంట టైంపాస్.

---

మందులషాపు_సుజాత

నేను వూస్టర్‌లో ఫార్మసిస్ట్‌ని. పచ్చి ఆల్చిప్పల గురించి అందరూ ఉత్సాహంగా రాస్తున్నారు కాబట్టి నేను కొంచెం నీళ్ళు చల్లాలి.

మీ నాన్నగారికి షుగర్ ఉందా? లివర్ సమస్య ఏదైనా? అరవై దాటిన మన మగవాళ్ళలో ఈ రెండిట్లో ఒకటి లేనివాళ్ళు నాకు తక్కువగా కనిపిస్తారు. విబ్రియో అని ఒక బాక్టీరియా ఉంది. ఉప్పునీటి చెరువుల మనిషి కాబట్టి ఆ పేరు ఆయనకి మనకంటే బాగా తెలుసు, రొయ్యలకి వచ్చే విబ్రియోసిస్ ఆ కుటుంబమే. అందులోనే వేరే రకం బాక్టీరియా వల్ల మనుషులకి జబ్బు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మామూలుగా రెండు మూడు రోజుల వాంతులూ విరేచనాలతో పోతుంది. లివర్ జబ్బు, షుగర్, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఉన్నవాళ్ళకి మాత్రం రక్తంలోకి పాకి ప్రాణం మీదికి రావచ్చు. నిమ్మరసం పిండితే చస్తుందనీ, టబాస్కో చల్లితే పోతుందనీ అంటారు. పోదు. వేడి ఒక్కటే మందు.

నీళ్ళు వేడెక్కే నెలల్లో ఇది ఎక్కువ. అందుకే మసాచుసెట్స్‌లో మే నుంచి అక్టోబరు దాకా, తీసిన ఆల్చిప్పలని రెండు గంటల్లోపు ఐసులో పెట్టాలని ప్రత్యేకం రూలు పెట్టారు. మే మొదట్లో ఇక్కడి నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి, భయపెట్టాలని కాదు. మీరూ మీ తమ్ముడూ ఆరోగ్యంగా ఉంటే మీ ఇష్టం. నాన్నగారికి షుగర్ ఉంటే మాత్రం వేయించినవి గానీ, ఆయిస్టర్ స్ట్యూ గానీ తెప్పించండి. చూడ్డానికి ఏ అడ్డూ లేదు. ప్రయాణానికి ఇన్సూరెన్స్ తీసుకున్నారు కదా?

---

ఆకివీడు_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. సుజాత గారూ, షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఇన్సూరెన్స్ తీసుకున్నాం. కాబట్టి పచ్చివి నాన్నకి బంద్. ఈ మాట ఫోన్లో చెప్తే, అప్పటిదాకా "ప్రాణంతో ఉన్నదాన్ని ఎలా మింగుతారు" అన్న మనిషి "ఒక్కటి తింటే ఏమవుతుందే" అంటున్నారు!

ఉప్పాడ బాబాయ్ గారూ, మీరు రాసిందంతా స్పీకర్ పెట్టి చదివి వినిపించాను. లూయీ ఫిలిప్ దగ్గర అమ్మ "అయ్యో పాపం" అంది. ఐసు కథ దగ్గర నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కలకత్తా చేరేసరికి ఎంత కరిగేది?" అని అడిగారు. మేత లేకుండా పెరగడం గురించి మాత్రం నమ్మలేదు, "చిప్పలో బరువెంత, మాంసమెంత, ఒక్కోటి ఎంతకి అమ్ముతారు, రైతుకెంత ఇస్తారు, అది కనుక్కో" అన్నారు. అమ్మకి పట్టింపు శనివారం ఒక్కటే, శుక్రవారం పరవాలేదు.

ఇంకా రెండు మిగిలాయి. ఒకటి, బిల్లు. నాన్న ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి, దాన్ని మళ్ళీ కేజీ రొయ్యల్లోకి మారుస్తారు. మెనూ చూస్తేనే లేచొచ్చేస్తారేమో. రెండు, తమ్ముడు స్టేక్ మాట వదలడం లేదు. "రెండొందల ఏళ్ళ హోటల్లో తిన్నానని చెప్పుకోవాలి కదా" అంటాడు.

---

ఉప్పాడ_బాబాయ్

మీ నాన్నగారి ప్రశ్నలకి జవాబు ఆ కత్తి పట్టుకున్న మనిషే చెప్పాలి, నేను ఊహించి చెప్తే ఆయన ఒప్పుకోరు. ఐసు ఎంత కరిగిందో మాత్రం నాకు తెలుసు. 1833లో బోస్టన్‌లో సుమారు 180 టన్నులు ఎక్కించారు, నాలుగు నెలలు సముద్రం మీద వెళ్ళి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి, కలకత్తాలో దిగేసరికి 100 టన్నులు మిగిలింది. తరుగు ఎంత పోయిందో ఆయన నోటిలెక్కన చెప్పేస్తారు, చూడు.

బిల్లు: లాబ్‌స్టర్ పక్కన ధర ఉండదు, మార్కెట్ ప్రైస్ అని ఉంటుంది. అదొక అదృష్టం అనుకో. కానీ నువ్వు ఆర్డరుకి ముందు సర్వర్‌ని మెల్లగా అడిగి తెలుసుకో, తర్వాత గుండె పట్టుకోవద్దు. బోస్టన్‌లో భోజనం మీద పన్ను 7 శాతం. దాని పైన టిప్పు 18 నుంచి 20. కార్డు ముందే సర్వర్ చేతిలో పెట్టేసి, కాగితం నీకే తెమ్మని చెప్పు. మీ నాన్నగారు టిప్పు అంకె చూస్తే మళ్ళీ లెక్క మొదలవుతుంది.

నలుగురూ బార్ దగ్గర కడుపునిండా తినలేరు, మొహమాటంగా కూడా ఉంటుంది. కాబట్టి బార్ దగ్గర అరగంట, ఒక డజను పచ్చివి నీకూ తమ్ముడికీ, వేయించినవి వంటింటి నుంచి తెప్పించి నాన్నగారికి. తర్వాత టేబుల్. టేబుల్ ముందే బుక్ చేసుకో, చేసేటప్పుడే కింద అంతస్తులో కావాలనీ, మోకాళ్ళ నొప్పి మనిషి ఉన్నారనీ రాయి. పైన జాన్ కెనెడీ కూర్చున్న బూత్ (ఎదురెదురు బెంచీల టేబుల్) ఉంది, నంబరు 18. ఆదివారాలు వచ్చి పేపరు చదువుకునేవాడట. దాన్ని చూడ్డానికి మీ అమ్మగారు ఒక్కరే వెళ్ళొచ్చు, మెట్లు ఇరుకు, నేల కిర్రుమంటుంది. ఎవరూ కూర్చోకపోతే ఫోటో తీసుకోనిస్తారు.

స్టేక్ గురించి నా అభిప్రాయం ఇది, చార్లెస్ గారిలా వాదించను. మీ తమ్ముడు తినడం తప్పని కాదు, వాడి నోరు వాడిది. కానీ మీ అమ్మగారి కంచం పక్కన, ఆవిడ తీసుకోలేని వాసనతో, ఆ ఒక్క పూట? ఈ ఊరికి చుట్టుపక్కల స్టేక్ హౌసులు చాలా ఉన్నాయి. శనివారం అమ్మగారు ఎలాగూ పప్పుచారుతో గదిలో ఉంటారు. ఆ రోజు నువ్వూ వాడూ వెళ్ళండి. నేనైతే అలాగే చేసేవాణ్ణి.

---

చార్లెస్_గట్టు

బాబాయ్ గారి బార్ ప్లాన్‌కి నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. ఒక్క దిద్దుబాటు: పార్కింగ్ కోసం తిరగొద్దు, శుక్రవారం సంత వల్ల ఆ సందులన్నీ బండ్లతో నిండిపోతాయి. ఆరెంజ్ లైను గానీ గ్రీన్ లైను గానీ ఎక్కి హేమార్కెట్‌లో దిగండి, అక్కడి నుంచి నాన్నగారు నడిచేది కొద్ది దూరమే. సంతలో చేప కొనాలని ఆయనకి మనసైతే రెస్టారెంటుకి ముందు కొననివ్వకండి. సంచిలో పచ్చి చేప పెట్టుకుని టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. తిన్నాక కొనిపించండి, సాయంత్రానికి బేరం కూడా బాగా కుదురుతుంది.

---

ఆకివీడు_అమ్మాయి

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి, కింద అంతస్తు అని రాసి, నలుగురికి టేబుల్ బుక్ చేశాను. రెండున్నరకే వెళ్ళి బార్ దగ్గర కూర్చుంటాం. తమ్ముడికి శనివారం స్టేక్ అని చెప్తే "బిల్లు నువ్వే ఇస్తానంటే సరే" అన్నాడు. ఆ రోజు బిల్లు వాడిదే అని మీరంతా సాక్ష్యం.